పరిశోధన ఫలము – లోకవ్యాప్తి

ప్రాచ్యకళాశాలల్లో ఒక పాత పరిహాసము కలదు. సిద్ధాంతగ్రంథమునకు ముగ్గురే పఠితలట: పర్యవేక్షకుడొకడు, పరీక్షకులిద్దరు. ఆ ముగ్గురిలో ఆసాంతము చదివినవాడు ఒక్కడున్నను అది గ్రంథకర్త పూర్వజన్మ సుకృతమేనని దానికొక తోక. ఈ మాట విని నవ్వని పరిశోధకుని నేను చూడలేదు. నవ్విన తరువాత తన గ్రంథము ఏ అలమారలో ఏ అరలో ఉన్నదో వెళ్ళి చూచుకొన్నవానిని కూడ చూడలేదు.

నేను పరిశోధించిన విషయము కుతుబ్‌షాహీ ప్రభువుల కాలమునాటి తెలుగు కావ్యములు, ముఖ్యముగా వాని అవతారికలు. టైపు చేయించిన ప్రతులు ఐదు. వానిలో రెండు విశ్వవిద్యాలయమునకు పోయినవి, ఒకటి మా గురువుగారి ఇంటికి చేరినది, ఒకటి కళాశాల గ్రంథాలయములో ఉన్నది, ఒకటి నా దగ్గర ఉన్నది. ఉద్యోగవిరమణానంతరము బొంగులూరులో ఇల్లు కట్టుకొని స్థిరపడినప్పుడు ఆ ఐదవ ప్రతి కూడ నాతోపాటు వచ్చినది. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారి మీద ఉన్న ఈ ఊరు ఒకప్పుడు చెలకలు, కుంటలు, తాటిచెట్లు ఉన్న పల్లె. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చి సాగరు దారిని ఇక్కడ దాటిన తరువాత గజముల లెక్కన అమ్ముడుపోవు ఊరైనది. కొద్ది మైళ్ళ దూరములో ఇబ్రహీంపట్నము, అక్కడ ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడినాటి పెద్ద చెరువు. నేను ఏండ్ల తరబడి ఎవరి కాలమును గూర్చి పరిశోధించినానో ఆ ప్రభువు పేరనే ఉన్న పట్నము దాపున నివసించుట నాకొక యోగముగా తోచెడిది. అయితే ఆ యోగము నాకే తెలుసు, ఊరివారికి తెలియదు.

తెలిసిన విధము కొంత హాస్యాస్పదము. హోటలులో టీ త్రాగుచుండగా ఒక రైతు నా ప్రక్కన కూర్చుండి, "సారూ, మీరు డాక్టరంట గదా, మా ఇంటామెకు మోకాళ్ళు గుంజుతున్నయి, ఏం మందు వాడాలె?" అని అడిగినాడు. నేను పుస్తకముల డాక్టరునని, మందుల డాక్టరును కానని చెప్పితిని. ఏమి పుస్తకమని అడిగినాడు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు తెలుగు కవులను గూర్చి అన్నాను. ఆయన టీ గ్లాసు బల్లమీద పెట్టి, "పట్నం చెర్వు కట్టిచ్చినాయినేనా? మరి ఆయన ముచ్చట మాకు జెప్పకుంట యూనివర్సిటోళ్ళకు జెప్పిన్రా?" అన్నాడు. దానిలో నింద లేదు, ఆశ్చర్యమే ఉన్నది. ఆ చెరువు క్రింద సేద్యము చేసిన ఇంటివాడు అడుగదగిన ప్రశ్నయే అది.

ఈ ప్రశ్నను నేను ఒక సహోపాధ్యాయ మిత్రుని ముందు పెట్టినాను. ఆయన గట్టి వైయాకరణుడు. "అది పాండిత్యము కాదోయ్, ప్రచారము" అని తేల్చినాడు. ప్రచారమనగా పెండ్లిపందిట్లో మైకు పట్టుకొని తన పేరు తాను చెప్పుకొనుటయని ఆయన భావము. మన పండితులలో ఈ సంకోచము బలముగా ఉన్నది. ఆత్మస్తుతి నింద్యమని చిన్ననాటినుండి చదివినవారము; మన వ్యాసమును మనమే నలుగురికి చూపుట ఆత్మస్తుతి క్రిందికి వచ్చునేమో అని భయము. ఆ భయము గౌరవింపదగినదే. కాని ప్రచారము అనెడి పదమునకు మూలము చరించుట. విద్య ఒక చోటినుండి మరొక చోటికి నడచుట అందులోని అసలు అర్థము. నడచునది విద్యయా, పండితుడా అన్నదే చూచుకొనవలసినది.

విద్యను నడిపించుట మన సంప్రదాయమునకు క్రొత్తయని అనుటకు వీలు లేదు. రావిచెట్టు క్రింద పురాణము చెప్పిన పౌరాణికుడు శ్లోకము చదివి, పదవిభాగము చేసి, తెలుగులో తాత్పర్యము చెప్పి, ఊరివారి ప్రశ్నలకు సమాధానమిచ్చినాడు. ఆయన పని ఏమి? ఇంతకన్న గొప్ప ఉదాహరణ మన తెలంగాణములోనే ఉన్నది. మెదకు జిల్లా కొల్చారము ప్రాచీన నామము కొలిచెలమ. అది వ్యాఖ్యాతృసార్వభౌముడైన మల్లినాథసూరి ఇంటిపేరు. కాళిదాసుని రఘువంశ కుమారసంభవ మేఘసందేశములను భారతదేశములో ఏ మూల చదివినను మల్లినాథుని సంజీవని చేతబట్టి చదువవలసినదే. ఆయన తన వ్యాఖ్యారంభమున రెండు నియమములు పెట్టుకొన్నాడు: ఆధారము లేనిది వ్రాయననియు, అవసరము లేనిది చెప్పననియు. పరిశోధకుడు సామాన్యుల ముందుకు పోవునపుడు పాటింపవలసిన నియమములు ఇంతకంటె నాకు వేరే ఎక్కడను కనబడలేదు. మొదటి నియమము మనకు బాగుగనే అలవాటు. రెండవది అలవాటు లేదు.

ఇంగ్లాండులో రాయల్ ఇన్‌స్టిట్యూషను వారు 1825లో క్రిస్మసు ఉపన్యాసములను ప్రారంభించినారు. ఫారడే అంతటి శాస్త్రజ్ఞుడు ఆ పరంపరలో పలుమారు బాలబాలికల యెదుట నిలిచి ప్రయోగములు చేసి చూపినాడు. అది తన పరిశోధనకు తక్కువ పనియని ఆయన అనుకొనలేదు. అయితే ఫారడే దాకా పోవలసిన పని లేదు. మనకు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారున్నారు.

1877 నుండి 1923 వరకు, నలుబదియాఱేండ్లు మాత్రమే జీవించిన ఆ మహనీయుడు మునగాల సంస్థానములో దివానుగా ఉండి చేసిన పనిని తలచుకొన్న ప్రతిసారియు నాకు ఆశ్చర్యము కలుగును. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము ఏర్పడినది. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినది. మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆయనకు తోడు నిలిచినారు. మండలి తొలి ప్రచురణము ఏది? పురాణమా, ప్రబంధమా? గాడిచర్లవారు వ్రాసిన అబ్రహాం లింకను చరిత్రము. తరువాత రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, దేశచరిత్రములు వచ్చినవి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో వెలువడినది ఈ మండలినుండియే. ఇంగ్లీషు రాని తెలుగువానికి ప్రపంచజ్ఞానము తెలుగున అందవలెనన్న ఒక్క సంకల్పము వీని అన్నిటి వెనుక ఉన్నది.

ఇందులో గమనింపదగినది మరొకటి ఉన్నది. లక్ష్మణరావుగారు స్వయముగా కఠోరపరిశోధకుడు. శాసనముల తిథులు, రాజుల కాలనిర్ణయములు, నన్నయభట్టు కాలము వంటి చిక్కు ప్రశ్నలమీద తెలుగులోను, అంతకుముందు మరాఠీలోను వ్యాసములు వ్రాసినవాడు. అట్టివాడు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును తలపెట్టినాడు. కాలనిర్ణయము చేయు చేయి, సామాన్యునికి వ్రాయు చేయి ఆయన విషయములో ఒక్కటే. ఆయన మరణించిన తరువాత హైదరాబాదులోని పరిశోధక మిత్రులు తమ సంస్థకు లక్ష్మణరాయ పరిశోధక మండలియని పేరు పెట్టుకొన్నారు. 1935లో తెలంగాణా శాసనములు సంపుటమును ప్రకటించినది ఆ మండలియే. జనసామాన్యమునకు విజ్ఞానము పంచినవాని పేర శాసనపరిశోధన జరిగినదన్నమాట. ప్రచారము వేరు, పాండిత్యము వేరు అను మిత్రునికి నేనిచ్చిన మొదటి సమాధానమిది. ఆయన ఊఁ అన్నాడే గాని ఒప్పుకొనలేదు.

రెండవ సమాధానము సురవరము ప్రతాపరెడ్డిగారు. 1926లో వారు గోలకొండ పత్రికను స్థాపించినారు. నిజాం రాష్ట్రములో తెలుగు కవులు పూజ్యమని ముడుంబ వేంకట రాఘవాచార్యులుగారు ఒక వ్యాసములో వ్రాసినారు. పండితులు ఇట్టి మాటకు సమాధానముగా మరొక వ్యాసము వ్రాయుదురు, దానికి ఇంకొకరు ఖండనము వ్రాయుదురు, అంతటితో ఆ చర్చ రెండు సంచికల నడుమ సమాధియగును. ప్రతాపరెడ్డిగారు పత్రికను ఊరూరికి పంపు కాగితముగా వాడుకొన్నారు. జిల్లాజిల్లాలనుండి కవుల వివరములు, పద్యములు తెప్పించినారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడినది. వాదము గెలుచుట అటుంచుడు. ఆ పిలుపు ఊళ్ళకు పోకున్నచో ఆ పద్యములలో ఎన్ని చెదలకు ఆహారమగునో ఊహించుడు. పరిశోధన జనములోనికి పోవుట ఏకముఖమైన దానము కాదు, ఆధారములు తిరిగి పరిశోధకుని యొద్దకు నడచివచ్చు దారి కూడ అదే అని ఆ సంచిక నాకు నేర్పినది. తరువాత 1949లో వారు వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకంటె జనుల తిండి, ఆటలు, పంటలు, నగలు, నమ్మకములు ప్రధానములైనవి. కావ్యములలోని వర్ణనలను ఆధారములుగా స్వీకరించి చదువనేర్చిన వారెవ్వరైనను చదువదగినట్లు వ్రాసినారు. 1953లో వారు గతించినారు. 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము ఆ గ్రంథమునకే వచ్చినది.

బిరుదురాజు రామరాజుగారి మాట కూడ ఇక్కడ స్మరింపవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో తెలుగున తొలి డాక్టరేటు వారిది, విషయము జానపద గేయసాహిత్యము. నాట్లు వేయు స్త్రీల నోటినుండి వచ్చినదానికి విశ్వవిద్యాలయ పట్టము వచ్చినదన్నచో, ఆ పట్టము తిరిగి నాట్లమళ్ళకు ఏమి ఇచ్చినదను ప్రశ్న సహజముగనే పుట్టును.

ఇక నా స్వల్పప్రయత్నమునకు వచ్చెదను.

సిద్ధాంతగ్రంథములో నా నాల్గవ అధ్యాయము శీర్షిక కుతుబ్‌షాహీ ప్రభువుల ఆంధ్రభాషాపోషణము – కృత్యవతారికల సాక్ష్యము. అధ్యాయము తొంబది పుటలు. దానిని ఎనిమిది పుటల చిన్న పుస్తకముగా వ్రాయబూనినాను. పేరు చెరువు రాజు – తెలుగు పద్యము అని పెట్టినాను. తొంబది పుటలు వ్రాయుటకు పట్టిన దానికంటె ఈ ఎనిమిది పుటలకు ఎక్కువ అవస్థ పడినానన్నచో పాఠకులు అతిశయోక్తి అనుకొనవచ్చును. కృతిపతి అను మాటను ఎట్లు చెప్పవలెను? పుస్తకము ఎవరికి అంకితమైనదో ఆయన అని చెప్పితిని. అవతారిక అనగా పుస్తకము మొదట కవి తనను గూర్చి, తనను పోషించినవారిని గూర్చి చెప్పుకొన్న భాగము. ఇట్లు ఒక్కొక్క పదమును విప్పుచు పోగా కొన్నిచోట్ల పదము మాత్రమే మిగిలి దానిలోపల నాకు చెప్పవలసినది ఏమియు లేదని తేలినది. ఆ వాక్యములను తీసివేసినాను. (ఈ వ్యాసము ఏ భాషలో సాగుచున్నదో గమనించి నవ్వుకొను పాఠకులకు మనవి: ఇది మన ఇంటిలోని మాట, అది వీధిలోని మాట.)

అధోజ్ఞాపికలను తీసివేసినాను గాని ఆధారములను తీసివేయలేదు. ప్రతి విషయము చివర "ఈ సంగతి మనకెట్లు తెలిసినది?" అని ఒక ప్రశ్న వేసి రెండు మూడు వాక్యములలో చెప్పినాను. ఇబ్రహీం రాజు కాకమునుపు ఏడేండ్లపాటు విజయనగరములో అళియ రామరాయల ఆశ్రయములో ఉన్నాడు. 1550లో గోలకొండ సింహాసనమెక్కి 1580 వరకు ఏలినాడు. తెలుగు కవులు ఆయన పేరును మల్కిభరాముడని తెనిగించుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చినాడు. ఆయన కొలువువాడైన అమీనుఖానునకు పొన్నెగంటి తెలగన్న యయాతిచరిత్రమును కృతి యిచ్చినాడు. తొలి అచ్చతెలుగు కావ్యము అది. కందుకూరి రుద్రకవికి చింతలపాలెము అగ్రహారము లభించినది. హైదరాబాదువారు నిత్యము చూచు హుసేను సాగరము కూడ ఆయన కాలమునాటిదే. ఇవన్నియు మనకు కొత్తవి కావు. ఊరివారికి కొత్తవి.

ఒక సాయంకాలము పాఠశాల ఆవరణములో ఈ పుస్తకము చేతబట్టుకొని మాట్లాడినాను. నలుబది మంది వచ్చినారు. అందులో పది మంది పిల్లలు, ఐదారుగురు స్త్రీలు. అవతారికలోని ప్రభువర్ణనలను యథాతథముగా నమ్మరాదని, పోషకుని ధనము పుచ్చుకొన్న కవి పొగడ్తలో ఎంత తీసివేయవలెనో లెక్క చూచుకొనవలెనని చెప్పబోవుచు, దీనిని ఎట్లు వివరించవలెనా అని నేను తడవుకొనుచుండగా వెనుకనుండి ఒక యువకుడు అందుకొన్నాడు: "ఫ్లెక్సీల రాసినట్టే గద సారు! ఫ్లెక్సీల ఏసినోళ్ళందరు నాయకులా?" సభ అంతా నవ్వినది. ఆధారవిమర్శను గూర్చి నేను నా గ్రంథములో పదునాలుగు పుటలు వ్రాసినాను. అందులోని సారము ఈ ఒక్క మాటలో ఉన్నది. ఆనాటినుండి తరగతిలోనైనను, సదస్సులోనైనను నేను ఫ్లెక్సీ ఉపమానమునే వాడుచున్నాను. ఆ యువకుని పేరు చెప్పియే వాడుచున్నాను.

తరువాత వచ్చిన ప్రశ్న అంత తేలిక కాదు. 1565లో రక్కసతంగడి యుద్ధమున విజయనగరము మీదికి నడచిన సుల్తానుల కూటమిలో ఇబ్రహీం కూడ ఉన్నాడు. ఈ సంగతి చెప్పగానే ఒక వృద్ధుడు లేచి, "ఏడేండ్లు బువ్వ పెట్టిన ఇంటిమీదికే దండు బోయిండా?" అన్నాడు. ఆ మాటలో బాధ ఉన్నది. ఔను, పోయినాడు అని చెప్పితిని. బిజాపూరు, అహమ్మదునగరు, బీదరు, గోలకొండల నడుమ స్నేహములు, వైరములు ఏటేట ఎట్లు మారినవో, రామరాయలు ఆ సుల్తానులను ఒకరిమీదికి ఒకరిని ఎట్లు ఉసికొల్పినాడో, చివరకు వారందరు ఎట్లు ఒక్కటైనారో చెప్పితిని. "రాజులకు చుట్టరికముంటదా తాతా, మన అన్నదమ్ములకే లేదు" అని ఒక తల్లి అన్నది. యుద్ధము తరువాత కూడ ఆయన కొలువులో తెలుగు పద్యము ఆగలేదని నేను చేర్చితిని. ఆ వృద్ధుడు తృప్తిపడినాడో లేదో చెప్పలేను. కూర్చున్నాడు.

అసలు పరీక్ష ఆ రాత్రి జరిగినది. సభలో కొందరు ఫోనులలో నా ప్రసంగమును పట్టుకొన్నారు. తెల్లవారకమునుపే రెండు తునకలు నా ఫోనుకే తిరిగి వచ్చినవి. ఒకదానిలో నేను మల్కిభరాముని తెలుగు ప్రేమను గూర్చి మాత్రమే చెప్పుచున్నాను. రెండవదానిలో 1565 దండయాత్రను గూర్చి మాత్రమే చెప్పుచున్నాను. మొదటిదానిని పంపినవారికి ఆయన ఒక ఆదర్శప్రభువు. రెండవదానిని పంపినవారికి ఆయన ఒక ద్రోహి. రెండింటిలోను గొంతు నాదే, మాటలు నావే. ఒక్క అబద్ధము లేదు. వైయాకరణ మిత్రుడు ఈ వార్త విని ఎంత సంతోషించినాడో వర్ణింపనలవి కాదు.

ఇంకొక వింత కొన్ని వారములకు జరిగినది. స్థలములు అమ్మువారొకరు రంగుల కరపత్రము వేసినారు. అందులో ఇబ్రహీం కుతుబ్‌షా ప్రభువు కవులతో విహరించిన చారిత్రక భూమిలో మీ స్వంత ఇల్లు అని ఉన్నది. నా పుస్తకములో విహారము లేదు. కవులు ఉన్నారు, చెరువు ఉన్నది, రెంటిని కలిపిన ఘనత కరపత్రకర్తది. ప్రబంధకవులు బ్రదికియుండినచో ఆయనను తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొనెడివారు.

ఈ రెండు అనుభవముల తరువాత సభలకు పోవుట మానవలసినదని మిత్రులు కొందరు సలహా ఇచ్చినారు. నేను ఏకీభవించలేదు. మనము మౌనముగా ఉన్నంతమాత్రమున కరపత్రములు ఆగవు, తునకలు ఆగవు. మనము చెప్పనిచోట చెప్పువారు మరొకరు ఎప్పుడును సిద్ధముగా ఉన్నారు. వారికి ఆధారముల బరువు లేదు కనుక మనకంటె వేగముగా నడచెదరు. చేయవలసినది వాక్యనిర్మాణములోనే ఉన్నదని నాకు తోచినది. నా ప్రసంగములో పోషణము ఒక నిమిషములో, యుద్ధము ఇంకొక నిమిషములో వచ్చినవి. నడుమ కత్తెరకు చోటు దొరికినది. తరువాతి ప్రసంగములో "రామరాయల ఇంట ఏడేండ్లు ఉండి ఆ రామరాయల మీదికే నడచిన ఈ రాజు, ఆ ముందును ఆ వెనుకను తెలుగు కవులను పోషించుట మానలేదు" అని ఒకే ఊపిరిలో చెప్పితిని. ఈ వాక్యమును ఎక్కడ కోసినను అది కుంటుపడును. మన సంస్కృత సమాసములు విద్యార్థులను బాధించుటకే పుట్టినవనుకొందుము గాని, విడదీయరాని విషయములను విడదీయ వీలు లేకుండ కట్టుటకు కూడ అవి పనికివచ్చును. తెలుగున క్త్వార్థకములు, శత్రర్థకములు ఆ పనిని మరింత మృదువుగా చేయును. నా వ్యాకరణాభ్యాసము ఫోను తునకలమీద పనికివచ్చునని ఏ గురువును నాకు చెప్పలేదు.

ఒక లౌకిక విషయము కూడ చెప్పవలెను, మన పత్రికల పాఠకులలో పలువురికి ఉపయోగపడవచ్చును. నా గ్రంథమును కంప్యూటరుమీద ఎక్కించియుంచితిని గదా, వెదకినవారికి దొరుకునని ధీమాతో ఉంటిని. ఒక విద్యార్థి వచ్చి పరీక్షించి చూపినాడు: తెలుగులో ఏ పదము కొట్టి వెదకినను నా గ్రంథము రాదు. కారణము అక్షరముల ఎన్నిక. ముద్రణాలయములలో చిరకాలము వాడిన అను వంటి లిపులలో కంటికి తెలుగు కనబడును గాని యంత్రమునకు అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరముల మీద వేసిన తెలుగు బొమ్మ. యూనికోడులో తెలుగునకు 1991 నాటినుండియే స్వంత సంఖ్యలున్నవి. అట్లు ఎక్కించినదే యంత్రమునకు తెలుగుగా అందును. పుటలను బొమ్మలుగా తీసి పెట్టినను ఇదే గతి. సిద్ధాంతగ్రంథములను శోధగంగ వంటి భాండారములలో పెట్టు ఏర్పాటు జరిగి చాల ఏండ్లైనది. పెట్టినవానిని వెదకి పట్టుకొనగల స్థితిలో పెట్టినామా అన్నది వేరు ప్రశ్న. ఆ విద్యార్థి సాయముతో నా నాల్గవ అధ్యాయమును, చిన్న పుస్తకమును యూనికోడులోనికి మార్చినాము. అక్షరమక్షరము సరిచూచుటకు నెల పట్టినది. వట్రసుడులు, అరసున్నలు అన్నియు చెదరిపోయినవి. మల్కిభరాముడు, ఇబ్రహీం కుతుబ్‌షా, కుతుబ్ షా, ఇబ్రహీంపట్నం చెరువు – ఇట్లు జనులు వ్రాయు రూపములన్నింటిని సంగ్రహములో చేర్చినాము. పండితుడు కృత్యవతారిక అని వెదకును, చెరువు క్రింది రైతు మనుమడు చెరువు అని వెదకును. ఇద్దరును అదే పుటకు చేరవలెను.

ఇన్ని మాటలు చెప్పినాను గాని, సభవలన కలిగిన నిజమైన లాభము నేను కోరుకొన్నది కాదు. ప్రసంగమైన నాల్గవ రోజున ఒక ముసలి రైతు రేకు పెట్టె ఒకటి తలమీద పెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. పాత ఇల్లు కూలగొట్టుచున్నారట. పెట్టెలో ఉర్దూ కాగితములు, కొన్నిటిమీద నిజాము ప్రభుత్వపు ముద్రలు. "మా తాత కాలంవి సారు. మాకు సదువరాదు. చెదలు వడుతున్నయని పారేద్దమనుకున్న. నువ్వు పాత కాయితాలు సూసి రాజుల ముచ్చట జెప్పినవు గదా, నీకేమన్న పనికొస్తయేమో" అన్నాడు. హైదరాబాదు రాజ్యములో 1880ల దశకములో ప్రభుత్వ వ్యవహారమునకు పారసీ స్థానమున ఉర్దూ వచ్చినది. ఆ తరువాతి దస్తావేజులు అట్లే ఇంటింట మిగిలినవి. తాతలు దాచినారు, మనుమలకు ఆ లిపి రాదు. ఇంటికి ఒక పెట్టె చొప్పున ఒక ఊరి చరిత్ర మూసి ఉన్నదన్నమాట.

ఆయన వెళ్ళిన తరువాత అదే వీధినుండి ఒక ఇల్లాలు వచ్చి, తమ ఇంట తాటాకుల కట్టలు రెండు ఉండెడివని, అత్తగారు పోయిన ఏడాది చదువువారు లేని ఆకులు ఇంట ఉంచరాదని పసుపుకుంకుమలు పెట్టి చెరువులో విడిచినామని చెప్పినది. భక్తితోనే విడిచినారు. అందులో ఏమున్నదని అడిగితిని. "మా మామగారు సదివెటోడు. పద్యాలని జెప్పెటోడు" అన్నది. మరి ఏమియు నేను అడుగలేకపోతిని. ఆ చెరువు ఏ రాజు పేరిటిదో, ఆ రాజు కాలపు పద్యములను గూర్చి నేను ఎన్నేండ్లు ఏ గ్రంథాలయములలో కూర్చుండి చదివినానో చెప్పినచో ఆమెకు బాధ కలుగును తప్ప ఫలము లేదు.

రేకు పెట్టెలోని కాగితములను ఇప్పుడు ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు, నేను కలసి చదువుచున్నాము. ఆయన ప్రతి ఆదివారము వచ్చును. ఊరివారికి అన్నిటికంటె కుతూహలము ఊరి పేరు మీద. బొంగువెదురు ఉండెడిది కనుక బొంగులూరు అయినదని సభలో ఒకరు అన్నారు. వినుటకు ఇంపుగనే ఉన్నది. గ్రామనామమునకు మూలము చెప్పవలెనన్నచో దాని ప్రాచీనతమ లిఖితరూపము కావలెనని, ఇప్పటి రూపమును చూచి చెప్పినది కథ అగును గాని వ్యుత్పత్తి కాదని వారికి చెప్పితిని. ఆ మాట వారికి రుచించదేమో అనుకొంటిని. "అయితే పాత కాయితం దొర్కాలె" అని వారే అన్నారు. ఉర్దూ దస్తావేజులలో ఊరి పేరు ఉన్నది. అక్కడొక చిక్కు వచ్చినది. ఉర్దూలో వావు అను ఒక్క అక్షరము మన ఊకారమునకు, ఓకారమునకు, ఔకారమునకు సమానముగా నిలుచును. హ్రస్వస్వరములను తరచు వ్రాయనే వ్రాయరు. కాగితముమీది పేరును బొంగులూరు అని చదువవచ్చును, మరొక విధముగను చదువవచ్చును. దానికి తోడుగా తెలుగు అక్షరములలో వ్రాసిన కాగితము కావలెను. ఈ సంగతిని మా వీధి అరుగుమీద చెప్పినాను. ఇప్పుడు ముగ్గురు నలుగురు తమ ఇండ్లలో అటుకలు వెదకుచున్నారు. ఒకరి ఇంట తెలుగు అప్పుపత్రములు రెండు బయటపడినవి. వానిలో ఊరి పేరు చెదలు తిన్నచోట ఉన్నది.

రెండవ సభ పెట్టవలెనని స్త్రీలు అడిగినారు. పాలు పితుకు వేళ అయిన తరువాత పెట్టవలెనని షరతు. విషయము రుద్రకవి అని నేను అన్నాను. అది సరేగాని, ముందు తాటాకులు ఇంట్లో ఉన్నచో ఏమి చేయవలెనో, నీళ్ళలో వేయకుండ ఎవరికి చూపవలెనో చెప్పుమని అడిగినారు. కనుక ఈసారి మొదటి అరగంట తాటాకులకు, మిగిలినది రుద్రకవికి. వైయాకరణ మిత్రుడు కూడ వచ్చెదనన్నాడు, ఊరక కూర్చుండి వినుటకు మాత్రమే. ఆయన తాటాకు ప్రతులు చదువుటలో దిట్ట, కనుక ఊరక కూర్చుండనీయకుండుటకు ఆ ముసలి రైతుతో ముందుగనే మాట్లాడి ఉంచినాను.